బొటనవేలంత మందం

నా చిన్నప్పుడు మాఘమాసపు మంచు అంటే నాకు ప్రాణం. పొద్దున్నే లేచి వాకిట్లోకి వస్తే ఎదురుగా ఉండాల్సిన మామిడితోట ఉండేది కాదు. దాని చోట తెల్లగా, మెత్తగా ఏదో నిలబడి ఉండేది. అందులోకి నడుచుకుంటూ వెళ్తే ఒక్కొక్క చెట్టే మెల్లగా కళ్ళ ముందుకు తేలేది. పూత వాసన మంచులో తడిసి బరువెక్కేది. ఆకుల మీద జిగురుగా ఏదో మెరిసేది, నాలుక ఆనిస్తే తియ్యగా ఉండేది. ఆకాశం నుంచి తేనె కురుస్తోందని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నాలోనే దాచుకోకుండా వీధిలో పిల్లలందరికీ తలా ఒక ఆకు తెంపి ఇచ్చి నాకించాను కూడా.

ఆ ఏడు మంచు మరీ ఎక్కువగా పడింది. పొద్దెక్కినా కరిగేది కాదు. నేను సంబరంగా తోటంతా తిరుగుతుంటే మా నాయనమ్మ ఒక కొమ్మ వంచి, పూతని అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడింది. పూత ఆమె వేళ్ళకు నల్లగా అంటుకుంది. నేను తేనె సంగతి చెప్పాను. "తేనె కాదే తల్లీ. పూతలో రసం పీల్చే పురుగు వదిలిపెట్టింది అది. నువ్వు నాకుతున్నది మన కాపునే" అంది. కోపంగా అనలేదు. కొమ్మని విసురుగా కాకుండా మెల్లగా వదిలిపెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది. ఆ మాట నాకు పూర్తిగా అర్థమైందని చెప్పలేను గానీ, ఆ తరవాత నేను ఆకు నాకలేదు.

మాది చాట్రాయి వైపు మెట్ట ఊరు. ఎర్రనేల, రాళ్ళ గట్లు. కాలవ నీళ్ళు మా దాకా ఎక్కవు. పల్లపు ఊళ్ళవాళ్ళు వరిని నమ్ముకుంటే మేం మామిడిని నమ్ముకున్నాం. మా తోట పెద్దదేం కాదు, ఈ చివర నిలబడి కేకేస్తే ఆ చివర పలికేంత. దాదాపు అన్నీ చిన్న రసాల చెట్లే. మా తాతయ్య పెట్టినవి. ఆయన్ని నేను చూడలేదు. ఇంట్లో నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను, ఇంకా నడక రాని మా తమ్ముడు.

మా వైపు తోటని కాయ మీద కాదు, పూత మీదే అమ్ముకునేవాళ్ళు. నూజివీడు నుంచి షావుకారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చెట్ల మధ్య తిరిగి, తలెత్తి పూత చూసి, ఆ ఏడాదికి తోట తనదేనని తాంబూలం ఇచ్చి వెళ్ళేవాడు. ఇక కాయ రాలినా, పండినా, కోతి తిన్నా అంతా ఆయనదే. మా ఇంట్లో ఏడాది పొడవునా తినే తిండి, కట్టే బట్ట ఆ ఒక్క రోజు మీద ఆధారపడి ఉండేవి. షావుకారు సరేనన్న ఏడు మా నాన్న సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చేవాడు. ఈల వేయడం ఆయనకు బొత్తిగా రాదు, అయినా వేసేవాడు.

ఆ ఏడు కూడా షావుకారు వచ్చాడు. తిరిగాడు. ఒక చెట్టు దగ్గర ఆగి, ఇంకో చెట్టు దగ్గర ఆగి, పెదవి విరిచాడు. మంచివాడే ఆయన. "ఈ ఏడు వద్దులెండి అమ్మగారూ. నేనూ మునుగుతాను, తరవాత మీ మొహం చూడలేను" అని, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. నాన్న ఆయన్ని దడి దాకా సాగనంపి వచ్చి, నులకమంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అంతకు ముందు ఏడు వానలు ముఖం చాటేసి కాపు అంతంత మాత్రంగానే వచ్చింది. ఇక ఈ ఏడు ఇది.

అయినా ఆశ పూర్తిగా చావలేదు. చెట్టుకి అక్కడొకటి, ఇక్కడొకటి కాయ నిలిచింది. నాన్న కళ్ళలో వత్తులు వేసుకుని వాటికి కాపలా కాశాడు. కాయ ముదిరి రంగు తిరగబోయే వేళకి, ఒక మధ్యాహ్నం, పడమటి దిక్కు ఇటుకరాయి రంగుకి మారింది. గాలి లేదు. పిట్టలు కూడా అరవడం మానేశాయి. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఉన్నట్టుండి తోటంతా ఒక్కసారి ఒక పక్కకి ఒరిగింది. తలుపు సందులోంచి చూస్తున్నాను నేను. కాయలు నేల మీద పడుతున్న చప్పుడు ముందు విడివిడిగా, తరవాత తెరిపి లేకుండా వినపడింది. ఆ మధ్యలో వడగళ్ళు. అమ్మ నన్ను వెనక్కి లాగి తలుపు వేసేసింది.

గాలివాన వెలిశాక బయటికి వెళ్తే తోటలో అడుగు పెట్టడానికి చోటు లేదు. తడిసిన ఆకులు, విరిగిన రెమ్మలు, వాటి మధ్య కాయలు. పచ్చి సొన వాసన ముక్కులో ఘాటుగా దూరింది. చిల్లులు పడ్డ కొమ్మల్లోంచి అంతకు ముందెప్పుడూ లేనంత వెలుతురు నేల మీద పడుతోంది. చెప్తే ఏమనుకుంటారో గానీ, అది చాలా అందంగా ఉంది. అదే మాట అందామని నాన్న వైపు తిరిగాను. ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను. దెబ్బ తిన్న కాయని ఏ షావుకారూ ముట్టుకోడు. అది నాకు ఆ వయసులో కూడా తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాన్న స్నేహితుడు ఒకాయన సెలవు మీద ఊరికి వచ్చాడు. ఆయనది బొగ్గు గనుల్లో పని. మేం ఆయన్ని గనుల మావయ్య అనేవాళ్ళం. చేతికి వాచీ, చొక్కా జేబులో పెన్ను, మాట్లాడే ముందు చిన్న దగ్గు. మా అరుగు మీద కూర్చుని, "మంచు పడినా, గాలి లేచినా నెల తిరిగేసరికి జీతం చేతిలో పడుద్దిరా. భూమి లోపలికి వానేంటి, ఎండేంటి" అన్నాడు. వానలు మొదలయ్యే రోజుల్లో కొత్తవాళ్ళని తీసుకుంటారట. ఆ లోపు వస్తే మేస్త్రీతో చెప్పి పనిలో పెట్టిస్తానన్నాడు. మర్నాడు ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాడు. నాన్న ఇంటికొచ్చి, "నేనూ వెళ్తానమ్మా" అన్నాడు నాయనమ్మతో. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. పొయ్యి ఆరిపోయినా ఊదుతూనే ఉంది.

గనులకి వెళ్ళడమంటే ఏంటో నాకు బాగా తెలుసు. మా ఎదురింటి పిల్ల వాళ్ళ నాన్న అక్కడే ఉండేవాడు. ఏడాదికోసారి వచ్చేవాడు. ఆయన వచ్చిన రోజున ఆ పిల్ల వాళ్ళమ్మ వెనక దాక్కుని, "ఆయన ఎప్పుడు వెళ్తాడు" అని అడిగేది. ఆ మాట మా ఇంట్లో వినపడితే ఎలా అని నాకు భయం పట్టుకుంది. మా తమ్ముడు అప్పటికింకా నాన్నని చూసి రెండు చేతులూ చాపడం మాత్రమే నేర్చుకున్నాడు. నాన్న వెళ్ళిపోతే ఆ చేతులు చాపడం మర్చిపోతాడు. అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొచ్చేది.

నాయనమ్మ మాత్రం ఏడవలేదు, వద్దనలేదు. నాకు ఆమె మీద ఒళ్ళు మండింది. ఒక్కగానొక్క కొడుకు పోతానంటుంటే విస్తరాకులు కుట్టుకుంటూ కూర్చున్న మనిషిని ఏమనాలి? ఆకులు పక్కన పెట్టి, తాపీగా అంది. "వెళ్ళు అబ్బాయ్. నేను కాదంటానా. కానీ ఈ కాయలన్నీ కుళ్ళిపోనిచ్చి వెళ్తే కళ్ళు పోతాయి. గడ్డిలో మగ్గేసి తాండ్ర పోద్దాం. నువ్వు తెలియని చోటికి పోతున్నావు, అక్కడ నీకు ఎవరు పెడతారు? తాండ్ర నీ బొటనవేలంత మందం కాగానే నా చేత్తో కోసి మూట కట్టిస్తా. తీసుకుని వెళ్ళు."

నాన్న తన బొటనవేలు వైపు చూసుకున్నాడు. ఎంత, నాలుగు ఎండలు కాస్తే అయిపోయే పని అనుకున్నట్టున్నాడు. సరేనన్నాడు.

తాండ్ర ఎలా చేస్తారో ఇప్పటి పిల్లలకి తెలియదు కనక చెప్తాను. రాలిన కాయల్ని ఏరి గడ్డిలో పేర్చితే ఒకటి ముందు, ఒకటి వెనక మెల్లగా పండుతాయి. పండినవాటిని కడిగి, రసం పిండి, పలచటి గుడ్డలో వడగట్టి, బెల్లం కలుపుతారు. ఎండలో మంచాలు వేసి, వాటి మీద తాటాకు చాపలు పరిచి, నెయ్యి రాసి, ఆ రసాన్ని పొరగా పోస్తారు. పొద్దుగూకేసరికి అది ఆరుతుంది. మర్నాడు దాని మీద ఇంకో పొర. ఆ మర్నాడు ఇంకోటి. చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ చిప్పలు పెడతారు. రోహిణి కార్తె ఎండలో మా వాకిలంతా బంగారం రంగుకి తిరిగేది. గాలంతా తీపి. ఆ నీళ్ళ చిప్పల్లో సూర్యుడు ఊగుతుంటే, కాపలాకని నన్ను కూర్చోబెట్టిన చోటే నేను నిద్రపోయేదాన్ని. కలలో కూడా పసుపురంగు వెలుతురే. మెలకువ ఎక్కడ మొదలయ్యేదో తెలిసేది కాదు.

పొర ఆరేదాకా మనిషికి పనేం ఉంటుంది? నాన్నకి కాలు నిలిచేది కాదు. మొదటి రోజు అటూ ఇటూ తిరుగుతుంటే నాయనమ్మ, "ఆరేదాకా ఊరికే ఎందుకు, ఆ దడి పొడుగునా మునగ కొమ్మలు పాతరాదూ" అంది. పాతాడు. ఇంకో రోజు, "ఆరేదాకా ఆ పాక కప్పు సర్దు" అంది. పాకలో ఏముందని సర్దడం? మర్నాడు చూస్తే అందులో చూలు మేక ఉంది. పక్కింటివాళ్ళదట. మేపేది మేం, పుట్టిన పిల్లల్లో సగం మావి, అలా మాట్లాడుకుని నాయనమ్మ తోలుకొచ్చింది. నాన్న ఆ మేకని, నాయనమ్మని మార్చి మార్చి చూశాడు. "నేను పోయేవాణ్ణి, ఇది ఎవరు మేపుతారమ్మా" అన్నాడు. "నువ్వు పోయాక సంగతి కదా, ఈ పూటకి నువ్వే ఆకు వెయ్యి" అంది నాయనమ్మ. తాండ్ర కోసం చాపలు చాలక అమ్మ తాటాకు తెప్పించుకుని కొత్తవి అల్లుతుంటే, "ఎలాగూ అల్లుతున్నావు, నాలుగు ఎక్కువే అల్లమ్మా, ఆగిరిపల్లి తిరునాళ్ళకి వెళ్ళేవాళ్ళ చేత పంపిద్దాం" అంది. "అలాగే అత్తయ్యా" అంది అమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కాస్త ప్రాణం వచ్చినట్టు నాకు వినిపించింది.

ఇంతలో నా లెక్క నాది. రోజూ సాయంత్రం తాండ్ర పక్కన కూర్చుని అంచుని నా వేలితో కొలిచేదాన్ని. అది పెరగకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. విచిత్రంగా దేవుడు నా మాట విన్నట్టే ఉంది. ఎన్ని పొరలు పోసినా మందం కాగితమంత కూడా పెరిగినట్టు కనపడేది కాదు. ఒక రోజు ఎందుకో ముందే లేచి పెరట్లోకి వెళ్తే అసలు దేవుడు ఎవరో తెలిసింది. నాయనమ్మ గరిటెతో రసం పోసి, అరచేతిని చాప మీద అటు నుంచి ఇటు ఒక్కసారి లాగి, సగానికి పైగా మళ్ళీ గిన్నెలోకే తోసేస్తోంది. మిగిలిన రసంలోంచి కింద ఆరిన పొర మీది గీతలు కూడా కనపడుతున్నాయి. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. ఒక బెల్లం ముక్క తీసి నా నోట్లో కుక్కింది. "నోరు తీపిగా ఉన్నప్పుడు మాట్లాడకూడదు" అంది.

నేను మాట్లాడలేదు. ఇంత పెద్ద రహస్యం నాకు అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. నడుస్తుంటే ఒళ్ళంతా బరువుగా, తియ్యగా ఉండేది.

నాన్నకి ఓపిక నశించింది. మబ్బులు అప్పుడప్పుడూ మొహం చూపించి పోతున్నాయి, తాండ్ర మాత్రం ముందుకి సాగడం లేదు. నాయనమ్మ ఏదో పని మీద మైలవరం చుట్టాలింటికి వెళ్ళిన రోజున ఆయన గిన్నెడు రసం తెచ్చి, తన మూట కోసం పోస్తున్న చాప మీద ఒకేసారి గుమ్మరించేశాడు. బొటనవేలు అందులో ముంచి చూసుకున్నాడు. సరిపోయింది. ఎండ కూడా ఫెళ్ళున కాసింది. సాయంత్రానికి పైన చక్కటి పొర కట్టి, అద్దంలా నిగనిగలాడింది. అంతా అయిపోయిందనుకున్నాను.

రెండో రోజుకి వాకిట్లో పుల్లటి వాసన. మూడో రోజుకి ఆ నిగనిగలాడే పొర అక్కడక్కడా ఉబ్బింది. నాన్న వేలితో నొక్కితే చిట్లి, లోపలి నుంచి నురగ పొంగింది. దాని కింద ఉన్న పాత పొరలు కూడా నాని పాడైపోయాయి. అన్ని రోజుల కష్టం. నాయనమ్మ తిరిగొచ్చి చూసింది. తిడుతుందని ఎదురు చూశాను. ఆమె చాప అంచు ఎత్తి, వాసన చూసి, నాన్న పక్కన చతికిలబడింది.

"పైన ఆరితే ఆరిపోయిందనుకున్నావు. కింద ఉన్నదానికి ఎండ ఎక్కడిది నాయనా" అంది.

"నాకు తెలియక కాదమ్మా, తొందర" అన్నాడు నాన్న.

"ఒకేసారి కావాలనుకున్నాం మనం. షావుకారు ఒక్క రోజు వస్తాడు, ఏడాదంతా గడిచిపోవాలి. ఈ రెండేళ్ళూ మనల్ని ముంచింది అదే కదా." అంతే. ఆ మాట కూడా తనలో తనే అనుకుంటున్నట్టు అంది. లేచి, ఆ చాపని కడగడానికి తీసుకుపోయింది. నాన్న చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఎంతసేపంటే, మేక వచ్చి ఆయన తువ్వాలు నమలడం మొదలుపెట్టినా చూసుకోలేదు.

మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. గడ్డిలో ఇంకా వెనకబడి పండుతున్న కాయలు ఉన్నాయి. కొత్త చాప, కొత్త పొర. అంతలో తొలకరి ఒక జల్లు పడింది. అందరం పరిగెత్తి మంచాలు లోపలికి చేర్చాం. వాన వెలిశాక ఎర్రనేల వాసన లేచింది. నాయనమ్మ ఏ అటక మీది నుంచి తీసిందో గానీ, ఒక మూటలోంచి కందులు, పెసలు కింద పోసి, "చెట్ల మధ్య నేలంతా ఊరికే పడి ఉంది. నువ్వు వెళ్ళేవాడివే, కాదనను. ఈ పదును పోతే మళ్ళీ రాదు, అందుకని అంటున్నా" అంది. పదునెక్కిన నేలని చూసి ఊరుకోగలిగిన రైతుని నేను ఇంతవరకూ చూడలేదు. నాన్న అరక కట్టాడు. అంతకు ముందు మా తోటలో చెట్ల నడుమ ఏదీ వేసేవాళ్ళు కాదు. షావుకారు మనుషులు తిరిగే దారి అది. ఈ ఏడు షావుకారే లేడు, ఇక దారి ఎవరికోసం?

కొన్నాళ్ళకి మొలకలు వచ్చాయి. మామిడి చెట్ల నీడల్లో, నీడలు లేని చోట్ల, సన్నగా వరసలు వరసలుగా. నాన్న పొద్దున్నే వాటి మధ్య నిలబడి ఉండేవాడు. ఏం చేసేవాడు కాదు, ఊరికే నిలబడేవాడు. ఈల మాత్రం లేదు. మేక ఈనింది, రెండు పిల్లలు. మా తమ్ముడు వాటిని పట్టుకుని నిలబడడం నేర్చుకున్నాడు. నాన్న వాణ్ణి నవ్వుతూ చూసి, చూస్తూ చూస్తూ మొహం తిప్పుకున్నాడు. అప్పుడే గనుల మావయ్య దగ్గర నుంచి బస్సు కండక్టరు చేత కబురొచ్చింది. వానలు పడ్డాయి, ఇంకా రాలేదేంటి, ఈ వారం దాటితే చోటు ఉండదని. నాన్న తల ఊపాడు. వెళ్ళి తాండ్ర మందం చూసుకున్నాడు. బొటనవేలికి ఇంక కొంచెమే తక్కువ.

ఆ మర్నాడు పొద్దున నాయనమ్మ స్నానానికి బావి దగ్గరికి వెళ్ళింది. నేను అరుగు స్తంభం వెనక పళ్ళు తోముకుంటున్నాను. నాన్న వాకిట్లోకి వచ్చి, ఒకసారి బావి వైపు చూసి, గిన్నెలోంచి గరిటెడు రసం తీసి చాప మీద పోశాడు. అమ్మో, ఇవాళ్టితో అయిపోయింది అనుకున్నాను. ఆయన అరచేయి చాప మీద పెట్టి, అటు నుంచి ఇటు మెల్లగా లాగాడు. రసమంతా మళ్ళీ గిన్నెలోకి వెళ్ళిపోయింది. తడి మాత్రం మిగిలింది. అది కూడా ఎక్కువే అనుకున్నాడేమో, వంగి, చేతి అంచుతో మళ్ళీ తుడిచాడు.

తలెత్తేసరికి ఎదురుగా నేను. ఆయన కంగారుపడి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. పెదవికి రసం అంటుకుంది. తరవాత నవ్వాడు. ఆ నవ్వులో ఎంత సిగ్గు ఉందో, ఎంత అలసట ఉందో నాకు అప్పుడు తెలియదు. మా నాన్నకి వెళ్ళాలని లేదు. అది ఒక్కటే తెలిసింది. పుల్ల పారేసి, మొలకల మధ్యకి పరిగెత్తి, అక్కడ కూర్చుని ఏడ్చాను. సంతోషంగానే ఏడ్చాను.

అయినా తాండ్ర పెరగకుండా ఎంతకాలం ఆగుతుంది? గడ్డిలో పళ్ళు అయిపోయాయి. ఒక ఉదయం నాయనమ్మ నాన్న చెయ్యి పట్టుకుని, బొటనవేలు తాండ్ర పక్కన ఆనించి చూసింది. సరిగ్గా ఉంది. ఆమె మాట తప్పే మనిషి కాదు. కత్తిపీట తెచ్చి, పెద్ద ముక్క కోసి, మడిచి, తెల్లగుడ్డలో మూట కట్టి నాన్న చేతిలో పెట్టింది. నాన్న మూట తీసుకుని, చెప్పులు వేసుకుని, రోడ్డు వైపు నడిచాడు. పెట్టె తీసుకోలేదు. కానీ ఎదురింటి పిల్ల వాళ్ళ నాన్న కూడా ఒట్టి చేతులతోనే వెళ్ళాడని ఆ పిల్ల చెప్పింది నాకు.

నేను వెనకాలే వెళ్ళాను, ఆయనకి తెలియకుండా. కంకర రోడ్డు దాటి అవతలి పక్క నిలబడ్డాడు ఆయన. ఇవతల తుమ్మచెట్టు చాటున నేను. సన్నగా తుంపర పడుతోంది. దూరంగా బస్సు కనపడింది, దగ్గరికొచ్చింది, మా ఇద్దరి మధ్య ఆగింది. ఇక నాకు నాన్న కనపడలేదు. బస్సు కిటికీల్లో తలలు, కండక్టరు మాటలు. గంట కొట్టాడు. బస్సు కదిలింది. నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడు వంపు తిరిగి అణిగిపోయేదాకా తెరవలేదు.

తెరిచేసరికి అవతలి పక్క నాన్న నిలబడి ఉన్నాడు. చేతుల్లో మూట లేదు. తుంపరలో తడుస్తూ, బస్సు పోయిన దారి వైపు కాదు, మా తోట వైపు చూస్తున్నాడు.

ఇంటికొచ్చి, "గనుల్లో ఉన్నవాడు తాండ్ర తిని ఎన్నాళ్ళైందో అని కండక్టరుకిచ్చి పంపానమ్మా" అన్నాడు. "మంచి పని చేశావు. కాళ్ళు కడుక్కుని రా, అన్నం చల్లారిపోతోంది" అంది నాయనమ్మ. వడ్డిస్తూ నాన్న మొహమే చూస్తుంటే గరిటె టంగుమని కంచానికి తగిలింది. ఆ చప్పుడికి మా తమ్ముడు నవ్వాడు.

ఆ తరవాత మాకు కష్టాలు తీరిపోయాయని చెప్పను. ఒక ఏడు కందికి పురుగు పట్టింది. ఇంకో ఏడు మేకలకి రోగం వచ్చి పాక ఖాళీ అయింది, ఆ ఏడు మామిడి విరగకాసింది. మునగ మాత్రం ఏ ఏడూ పూర్తిగా చెయ్యిచ్చిన గుర్తు లేదు. అమ్మ చాపలు అల్లుతూనే ఉంది, మా పెళ్ళిళ్ళైనా మానలేదు. షావుకారు మళ్ళీ వచ్చేవాడు, మేం మళ్ళీ పూత అమ్మేవాళ్ళం. కానీ ఆయన వచ్చే రోజున మా నాన్న ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం మానేశాడు. ఆయన చెట్లు చూస్తుంటే మా నాన్న కంది కాయ కోసుకుంటూ ఉండేవాడు.

నాన్న రసం తుడిచిన సంగతి నేను నాయనమ్మకి చెప్పలేదు. నాయనమ్మ తోసేసిన సంగతి నాన్నకీ చెప్పలేదు. కొడుకుని తనే ఆపానని ఆమె పోయేదాకా లోలోపల గర్వపడింది. తను కావాలనే ఉండిపోయిన సంగతి నాయనమ్మకి తెలియదనుకుంటూ ఆయనా అలాగే పోయాడు. ఒకళ్ళ కోసం ఒకళ్ళు అలా పలచన చేసుకుంటూ వచ్చారని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఇదే. ఉండిపోవాలని ఉన్న మనిషికి కూడా చేతిలో ఒక సాకు ఉండాలి. మేక, మునగ, కంది, చాప, ఇవన్నీ మా కడుపు నింపాయి, నిజమే. కానీ నాయనమ్మ వాటిని ముందుగా మా నాన్నకి సాకులుగా ఇచ్చింది.

నాన్న తరవాత ఆ తోట నా చేతికే వచ్చింది. ఇప్పుడు కాలం మరీ గాడి తప్పింది. చలి రావాల్సినప్పుడు ఉక్క, పిందె కట్టేవేళకి వాన. మా అబ్బాయి ఫోన్‌లో మబ్బుల బొమ్మలు చూసి చూసి విసిగిపోయాడు. చుట్టుపక్కల చాలామంది చెట్లు కొట్టించి పామాయిల్ పెట్టారు. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ, "మనం కూడా తోట తీసేద్దామమ్మా, నేను విజయవాడలో ఏదో ఒకటి చూసుకుంటాను" అన్నాడు. నేను వద్దనలేదు. "తీసేద్దాంలే నాయనా. ఆ దడి వారన సీతాఫలం మొక్కలు వాడిపోతున్నాయి, వెళ్ళేవాడివి వాటికి కాస్త పాదులు చేసి వెళ్ళు" అన్నాను. విసుక్కుంటూ పార తీసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నమైంది. అన్నానికి రమ్మని రెండుసార్లు కేకేశాను. "వస్తున్నానమ్మా, ఇంకొక్క పాదు" అంటున్నాడు.